మన ఎండకు మన లెక్క: కుళ్లే తీరు మీద డిసర్టేషన్ మొదలుపెట్టే విద్యార్థికి

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ (దర్యాప్తు కోసం మనిషి ఎముకలను పరిశీలించే శాస్త్రం) మీద డిసర్టేషన్ చేస్తామని ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు నా దగ్గరకు వస్తారు. "ఎముకల మీద చేస్తాం మేడమ్" అంటారు. పుర్రె కొలతలు, తొడ ఎముక పొడవును బట్టి మనిషి ఎత్తు లెక్కగట్టడం, ఇవన్నీ మంచివే. అయితే ఓపిక ఉన్న పిల్లలు కనిపిస్తే నేను వేరే దారి చూపిస్తాను. తిరుపతి చుట్టుపక్కల, చిత్తూరు వైపు, ఈ ఎండలో, ఈ వానలో ఒక శరీరం ఎన్నాళ్లకు ఎముకలవుతుందో కొలిచి రాయమంటాను. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. నేను ప్రాక్టికల్స్ చెప్పేటప్పుడు నోటితో చెప్పేవే ఇవన్నీ.

ముందు ఇది ఎందుకో తెలియాలి. తిరుపతికి రోజూ ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఇంట్లో చెప్పకుండా వచ్చేసినవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఊరి బయట కంపల్లోనో, రైలు పట్టాల పక్కన పొదల్లోనో ఒక అస్థిపంజరం దొరికితే, ఆ మనిషి మన జిల్లా వాడే అయి ఉంటాడన్న నమ్మకం లేదు. ఫిర్యాదు వేలూరులో ఇచ్చి ఉండొచ్చు, కోలారులో ఇచ్చి ఉండొచ్చు, కర్నూలులోనూ ఇచ్చి ఉండొచ్చు. పోలీసులు మొదట అడిగేది ఒకటే: చనిపోయి ఎన్నాళ్లయింది? మనం మూడు నెలలని చెబితే మూడు నెలల కిందటి మిస్సింగ్ ఫిర్యాదులు తీస్తారు. నిజానికి అది మూడు వారాలే అయితే, కావలసిన ఫిర్యాదు వాళ్లు తీసిన ఫైళ్లలో ఉండదు. ఎక్కడో ఒక తల్లి ఎదురుచూస్తూనే ఉంటుంది. అంచనా తప్పితే దాని బరువు ఇంత.

ఈ అంచనా ఎంత పెద్దవాళ్లకైనా తప్పుతుందని చెప్పే సంగతి ఒకటి ప్రపంచమంతా చెప్పుకుంటారు. 1977లో అమెరికాలోని టెనెసీలో ఒక పాత సమాధి తవ్వేసి ఉంది. లోపల తల లేని మొండెం, ఇంకా గులాబీ రంగు మాంసంతో. విలియం బాస్ అనే ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ చూసి, చనిపోయి మహా అయితే ఏడాది అయి ఉంటుందన్నారు. తీరా చూస్తే అది 1864లో అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్ విలియం షై శరీరం. మందులు ఎక్కించి, గట్టిగా మూసిన ఇనుప పేటికలో పెట్టి పూడ్చడంతో అలా నిలిచింది. తేడా 113 ఏళ్లు. చనిపోయాక శరీరానికి ఏమవుతుందో కొలిచి రాసిన లెక్కలు ఎంత తక్కువగా ఉన్నాయో బాస్‌కు అప్పుడు తెలిసొచ్చింది. 1981లో నాక్స్‌విల్‌లో, దానంగా వచ్చిన మానవ దేహాలను ఆరుబయట ఉంచి గమనించే పరిశోధన క్షేత్రం ఆయన మొదలుపెట్టారు. ఇవాళ పుస్తకాల్లో మనం చదివే లెక్కలు చాలావరకు అక్కడివే, లేదా అలాంటి చోట్లవే. అక్కడ చలికాలంలో మంచు పడుతుంది. మన మే నెల వాళ్లకు తెలియదు.

అనుమతులు, స్థలం

విద్యార్థి స్థాయిలో మనిషి దేహంతో ఈ పని చేయలేం, చేయకూడదు. పంది కళేబరం వాడతాం. పందికి చర్మం మీద వెంట్రుకలు పలచగా ఉంటాయి, లోపల కొవ్వు, పేగుల తీరు మనిషికి కొంత దగ్గరగా ఉంటాయి. అందుకే చాలా దేశాల్లో పందినే వాడుతూ వచ్చారు.

పరిశోధన కోసమని ప్రాణం తీయొద్దు. మాంసం కొట్టు కోసం కోయబోయే పందిని, లేదా ఫారంలో అప్పుడే చనిపోయినదాన్ని కొనండి. అప్పుడు కూడా డిపార్ట్‌మెంట్ ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. స్థలం యజమాని సంతకంతో కాగితం, పంచాయతీకి ఒకటి, స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఒకటి. పోలీసులెందుకు అని అడుగుతారు. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని ఒక బోను దగ్గర కూర్చునేవాళ్లను, లోపల చచ్చిన జంతువును చూస్తే ఊళ్లోవాళ్లు ముందు క్షుద్రపూజ అనుకుంటారు. వాళ్ల భయంలో తప్పేమీ లేదు. సర్పంచ్‌ను, పక్క పొలాలవాళ్లను ముందే పిలిచి స్థలం చూపించి, ఏం చేస్తున్నారో తెలుగులో విడమరిచి చెప్పండి. ఒకసారి అర్థమైతే వాళ్లే కాపలా కాస్తారు.

శేషాచలం అడవి వైపు చూడొద్దు. అది రక్షిత అడవి, చిరుతలు, ఎలుగులు తిరిగే చోటు. అనుమతి లేకుండా అక్కడ అడుగు పెడితే కేసవుతుంది. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు వైపు బీడుపడ్డ ప్రైవేటు భూమి, పాత మామిడితోట చివర దొరుకుతాయి. బావికి, చెరువుకు, ఇళ్లకు దూరంగా, గాలి ఊరి వైపు వీచని దిక్కున చూసుకోండి. వాన నీళ్లు ఎటు పారతాయో ముందే గమనించండి. నేల కొంచెం వాలుగా ఉన్నా ఎముకలు అటే జారతాయి.

ఒక్క పంది చాలదు. కనీసం మూడు ఉంటేనే ఏదైనా చెప్పగలం. ఒక్కోటి 20 నుంచి 25 కిలోల మధ్య, మూడూ దాదాపు ఒకే బరువు. మధ్యలో 50 మీటర్ల దూరం వదలండి, లేకపోతే దీని పురుగులు దానికి పాకుతాయి. కళేబరాన్ని ఫ్రీజర్‌లో పెట్టొద్దు. ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే స్థలంలో ఉండాలి. గాయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మొదటి రోజే బొమ్మ గీసి గుర్తించండి, ఎందుకంటే ఈగలు గాయంలో కూడా గుడ్లు పెడతాయి.

ఇంకో సంగతి. మన దగ్గర దొరికే శవాల మీద బట్టలుంటాయి. లుంగీ, పంచె, చీర, నైటీ. కాబట్టి మూడింటిలో ఒకదానికి పాత నూలు లుంగీ చుట్టి ఉంచమని నేను గట్టిగా చెబుతాను. బట్ట కింద నీడ ఉంటుంది, తడి నిలుస్తుంది, పురుగులకు ఎండ తగలదు. బట్ట ఉన్నదానికీ లేనిదానికీ వచ్చే తేడా మన పోలీసులకు నేరుగా పనికొచ్చే సమాచారం.

బోను ఇనుప జాలీతో చేయించండి. ఈగ దూరాలి, కుక్క దూరకూడదు. నాలుగు మూలలా పొడుగు మేకులు దిగ్గొట్టకపోతే కుక్కలు, నక్కలు, అడవిపందులు ఒక్క రాత్రిలో ఎత్తిపడేస్తాయి.

ఉష్ణోగ్రత: అసలు పని ఇదే

పిల్లలు కళేబరం ఫొటోలు బోలెడు తీస్తారు, ఉష్ణోగ్రత మాత్రం ఫోన్ యాప్‌లో చూసి రాసుకుంటారు. అలా రాసిన డిసర్టేషన్ ఎవరికీ పనికిరాదు. కుళ్లడం రోజులను బట్టి సాగదు, ఆ రోజుల్లో పడిన వేడిని బట్టి సాగుతుంది.

డేటా లాగర్లు, అంటే ఉష్ణోగ్రతను వాటంతటవే రికార్డు చేసే చిన్న యంత్రాలు, రెండు కొనండి. ఒకటి నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున, నీడలో, గాలి ఆడే పెట్టెలో. రెండోది కళేబరం కింద, నేలకు ఆనేలా. గంటకోసారి రికార్డు అయ్యేలా పెట్టండి. రేణిగుంట విమానాశ్రయం వాతావరణ లెక్కలు పోల్చి చూసుకోవడానికి వాడండి, వాటినే మీ లెక్కలుగా వేయొద్దు. తోటలో నీడకూ రన్‌వే పక్క బయలుకూ తేడా ఉంటుంది.

లెక్క తేలికే. రోజు గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగిస్తే ఆ రోజు సగటు. ఆ సగటులను రోజురోజుకూ కూడుతూ పోవాలి. ఆ మొత్తాన్నే ఏడీడీ (అక్యుములేటెడ్ డిగ్రీ డేస్) అంటాం. ఉదాహరణకు మేలో ఒక రోజు గరిష్ఠం 41, కనిష్ఠం 28 అనుకోండి. సగటు 34.5. అలాంటివి పది రోజులైతే 345. డిసెంబరులో గరిష్ఠం 29, కనిష్ఠం 19 అనుకుంటే సగటు 24. అదే 345 చేరడానికి 14 రోజులు దాటాలి. మేలో పదో రోజు కనిపించే స్థితి డిసెంబరులో రెండు వారాలు దాటాక గానీ రాదని అనుకోవచ్చు. నిజంగా అలాగే వస్తుందా అన్నదే మీరు తేల్చాల్సిన ప్రశ్న.

టెనెసీలో పనిచేసిన అర్పాడ్ వాస్ ఒక చిన్న సూత్రం ఇచ్చారు: 1285ను సగటు ఉష్ణోగ్రతతో భాగిస్తే, నేల మీద ఉన్న శరీరం ఎముకలుగానో ఎండిన మమ్మీగానో మారడానికి పట్టే రోజులు సుమారుగా వస్తాయి. మన మే లెక్కకు 37 రోజులు, డిసెంబరు లెక్కకు 54 రోజులు. మీ మూడు పందుల్లో ఇది ఎంతవరకు నిలుస్తుందో చూడండి. నిలవకపోతే నిలవలేదనే రాయండి. అదే మీ డిసర్టేషన్ విలువ.

ఇక స్కోరింగు, అంటే శరీరం ఎంతవరకు కుళ్లిందో అంకెల్లో చెప్పడం. 2005లో మెగ్యేసీ, ఆమె సహచరులు ఇచ్చిన పద్ధతి వాడతాం. తలా మెడా ఒక భాగం, మొండెం ఒక భాగం, కాళ్లూ చేతులూ ఒక భాగం. తలకు 1 నుంచి 13, మొండానికి 1 నుంచి 12, కాళ్లూ చేతులకు 1 నుంచి 10 పాయింట్లు. కలిపితే తాజా శరీరానికి 3, పూర్తిగా ఎండిన ఎముకలకు 35. ఆ స్కోరు నుంచి ఏడీడీ తీసే సూత్రం కూడా వాళ్లే ఇచ్చారు. స్కోరు 20 అనుకుంటే ఏడీడీ సుమారు 407 వస్తుంది. మన మే సగటు 34.5తో భాగిస్తే దాదాపు 12 రోజులు. ఇక్కడ ఆగండి. ఆ సూత్రంతో పాటు ప్లస్ ఆర్ మైనస్ 388 అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పేజీ తిప్పేస్తారు. 388 అంటే మన మే నెలలో 11 రోజులకు పైనే. అంటే జవాబు 12 రోజులు కాదు, సగం రోజు నుంచి 23 రోజుల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒక దర్యాప్తు అధికారికి "సార్, 12 రోజులు" అని చెప్పడానికీ, "సార్, 23 రోజుల లోపు" అని చెప్పడానికీ ఉన్న దూరం మీకు తెలియాలి. రెండోదే నిజాయితీ. ఈ సూత్రాన్ని 2016లో సరిదిద్ది మళ్లీ ప్రచురించారు, అదీ చదవండి. వైవాలో తప్పకుండా అడుగుతారు.

స్కోరు ఇద్దరు విడివిడిగా వేయాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. తేడా వస్తే రాజీపడి మధ్యస్థంగా వేయొద్దు, రెండూ రాయండి.

రోజూ చేసే పని

మొదటి వారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తర్వాత రోజుకు ఒకసారి, ఒకే వేళకు. నాలుగు వైపుల నుంచీ ఫొటో, ఫ్రేములో స్కేలు, ఉత్తరం గుర్తు. నేల మీద నాలుగు చోట్ల సున్నంతో గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అక్కడే నిలబడి తీయండి. నోట్స్ పెన్సిల్‌తో రాయండి, చెమటకు పెన్ను ఇంకు కారిపోతుంది.

గ్లవ్స్, గంబూట్లు, మాస్క్ తప్పనిసరి. టీటీ ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. మాస్క్ లోపల విక్స్ రాసుకోమని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు, దాంతో ముక్కు ఇంకా తెరుచుకుంటుంది. మామిడితోటల్లో ఎండుటాకుల కింద రక్తపింజర ఉంటుంది, కర్రతో తట్టకుండా అడుగు వేయొద్దు.

ఈగల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కళేబరం పెట్టిన కాసేపటికే నీలం ఆకుపచ్చ కలిసిన మెరుపుతో, పెద్ద ఎర్రటి కళ్లతో ఈగలు వాలతాయి. క్రైసోమియా జాతివి. ముక్కు రంధ్రాల్లో, కళ్ల కొసల్లో, నోట్లో, చెవుల్లో తెల్లటి గుడ్లు కుప్పలుగా పెడతాయి. ఒక్కో గుడ్డు మిల్లీమీటరున్నర పొడవుంటుంది. స్థలం ఇచ్చిన రైతు ఒకాయన ఒక రోజు నాతో అన్నారు: "అమ్మా, మీరు పన్నెండింటికి వస్తే ఏం కనిపిస్తాది? ఆ ఎండకు ఈగ కూడా నీడకు పోతాది. పొద్దున్నే రాండి, పొద్దుగూకేటప్పుడు రాండి." ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. నడినెత్తిన ఎండలో ఈగలు తగ్గిపోతాయి, బయట పడ్డ గుడ్లు ఎండిపోతాయి. రాత్రి మామూలుగా గుడ్లు పెట్టవు. అందుకే వేళలు పొద్దున, సాయంత్రం అన్నాను. గండుచీమల మీద కూడా కన్నుండాలి. అవి గుడ్లను ఎత్తుకుపోతే మీ కాలం లెక్క వెనక్కి జరుగుతుంది. ఎత్తుకుపోతుంటే ఆపొద్దు, రాసుకోండి.

పురుగులను సేకరించేటప్పుడు అన్నిటికంటే పెద్దవాటిని వెతకండి, అవే ముందు పుట్టినవి. సగం పురుగులను మరిగే ముందు స్థాయి వేడినీళ్లలో ముంచి, తర్వాత ఆల్కహాల్‌లో వేయండి. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోయి పొడవు తప్పుతుంది. మిగిలిన సగాన్ని మాంసం ముక్కతో డబ్బాలో పెట్టి ఈగలయ్యేదాకా పెంచండి, జాతి ఏదో అప్పుడే గట్టిగా తెలుస్తుంది.

పురుగు వయసు చూడటానికి లెన్స్ చాలు. ఒక కొస సన్నగా, ఇంకో కొస మొద్దుగా ఉంటుంది. మొద్దు కొసన రెండు గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లంతా వాటిని కళ్లనుకుంటారు. అవి ఊపిరి రంధ్రాలు. పురుగు తల మాంసంలో పెట్టి తింటూ వెనకనుంచి ఊపిరి తీసుకుంటుంది. ఒక్కో చుక్కలో సన్నటి చీలికలు లెక్కపెట్టండి. రెండు ఉంటే పురుగు ఎదుగుదలలో రెండో దశ, మూడు ఉంటే మూడో దశ. ఎదిగిన పురుగులు కళేబరం వదిలి కొన్ని మీటర్లు పాకి మట్టిలో దూరతాయి. అక్కడ, పురుగు ఈగగా మారే గోధుమరంగు గూళ్లు తవ్వి తీయాలి. శవం దొరికిన చోట చాలామంది ఈ గూళ్ల కోసం వెతకరు. అన్నిటికంటే పాత సాక్ష్యం అదే అయి ఉండొచ్చు.

పురుగుల ముద్దలోకి థర్మామీటరు మొన దింపి రోజూ కొలవండి. వేల పురుగులు ఒక్కచోట కదులుతుంటే వాటి వేడి వాటికే పుడుతుంది, బయట గాలి కంటే లోపల బాగా ఎక్కువ ఉంటుంది. మీ రెండో లాగర్ లెక్కలు ఒక్కసారిగా పైకి లేస్తే కంగారుపడి యంత్రం పాడైందని తీసేయొద్దు.

ఎండాకాలం ఒకలా, ఈశాన్య వాన ఇంకోలా

పుస్తకంలో వరుస ఇలా ఉంటుంది: తాజాగా ఉండటం, ఉబ్బడం, బాగా కుళ్లడం, ఎండటం, ఎముకలు. మన ఎండాకాలంలో ఈ వరుస చెదురుతుంది. ఉబ్బడం తొందరగా వచ్చి తొందరగా పోతుంది. పురుగులు లోపలి మెత్తని భాగం తినేస్తుంటే, పైన చర్మం ఎండకు తోలులా గట్టిపడుతుంది. ఇందాక చెప్పిన రైతే ఒక కళేబరాన్ని కర్రతో తట్టి చూపించారు. డొల్ల చప్పుడు. "ఎండల్లో సచ్చిన గొడ్డు ఇట్లే అయితాది, లోపల ఏముండదు, పైన తోలు మాత్రం మెట్టు కుట్టుకోవచ్చు" అన్నారు. మెట్టు అంటే చెప్పు. పక్కటెముకలు లోపల బోడిగా ఉంటాయి, కాళ్ల మీద తోలు అలాగే ఉంటుంది. ఇప్పుడు స్కోరు ఏమని వేస్తారు? మొండానికి ఎక్కువ, కాళ్లకు తక్కువ. ఆ తోలు నెలల తరబడి అలాగే ఉండిపోతే స్కోరు ఆగిపోతుంది, ఏడీడీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మన దగ్గర సూత్రం దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి తోలు కింద వేలితో నొక్కి చూసి, లోపల ఏముందో విడిగా ఒక కాలమ్‌లో రాయండి. ఈ దశలో ఈగలు పోయి నల్లటి పెంకు పురుగులు వస్తాయి. డెర్మెస్టిస్ అంటారు, ఎండిన తోలు, నరాలు వీటి తిండి. మొదటి పెంకు పురుగు కనిపించిన తేదీ తప్పకుండా ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కథ వేరు. ఈశాన్య రుతుపవనాల వాన రోజుల తరబడి పడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో మీలో చాలామంది చూసే ఉంటారు. చర్మం ఎండదు, పొరలుగా ఊడుతుంది. పురుగులు కొట్టుకుపోతాయి. నీళ్లు నిలిచిన గుంటలో కొవ్వు తెల్లటి సబ్బులాంటి ముద్దగా మారి, శరీరం ఆకారాన్ని చాలాకాలం నిలబెడుతుంది. దీన్ని అడిపోసియర్ అంటారు. అవకాశం ఉంటే రెండు కాలాల్లోనూ చేయండి. ఒక్కటే వీలైతే, వానాకాలం ఎంచుకోండి. కష్టమే, కానీ ఆ లెక్కలే తక్కువ.

ఎముకలు ఎత్తే రోజు

ఇన్నాళ్ల పనిలో నాకు ఎక్కువ ఇష్టమైన రోజు ఇది, పిల్లలు ఎక్కువ తొందరపడే రోజు కూడా ఇదే. ఒక్క ఎముకను కూడా ముందు ఎత్తొద్దు. తాడు కట్టి మీటరుకు మీటరు గళ్లు వేయండి. ఏ గడిలో ఏ ఎముక, ఏ వైపు తిరిగి ఉందో బొమ్మ గీయండి.

ఇప్పుడు వంగి, ఒక పొడుగు ఎముకను ఉన్నచోటే చూడండి. ఎండ పడే పైభాగం తెల్లగా, సున్నం కొట్టినట్టు ఉంటుంది. నేలకు ఆనిన భాగం మన ఎర్రమట్టి రంగు ఎక్కి గోధుమరంగులో, ఒక్కోసారి పచ్చటి పాచితో ఉంటుంది. రెండు రంగులూ కలిసే చోట ఎముక పొడవునా ఒక గీత కనిపిస్తుంది. అంతకాలం అది కదలకుండా పడి ఉందని దాని అర్థం. నిజమైన కేసులో ఎర్ర భాగం పైకి, తెల్ల భాగం కిందికి ఉంటే, ఎవరో, ఏదో, దాన్ని ఈమధ్యే తిప్పారు. కుక్కా, మనిషా, వాన నీళ్లా అన్నది వెతకాలి. ఎముకను ఎత్తి కవరులో వేసుకున్న మరుక్షణం ఈ సమాచారం పోతుంది, మళ్లీ రాదు.

ఎముకల చివర్లు చూడండి. కుక్క నమిలితే కీలు భాగం పీచుపీచుగా, గుంటలుగా ఉంటుంది. ముళ్లపంది కొరికితే పక్కపక్కనే వెడల్పాటి సమాంతర గాళ్లు పడతాయి. మన కొండల కింద ముళ్లపందులు చాలా, ఎముక దొరికితే వదలవు. ఈ గాళ్లను కత్తి గాట్లుగా పొరబడకూడదు. ఎముక విరిగి ఉంటే విరిగిన అంచు రంగు చూడండి. ఎముకంతా పాతరంగులో ఉండి అంచు మాత్రం తెల్లగా ఉంటే ఈమధ్యే విరిగింది. పగుళ్లు, పొరలు లేవడం ఎంత వచ్చిందో రాయడానికి బెహ్రెన్స్‌మేయర్ 1978లో కెన్యాలో జంతువుల ఎముకలు చూసి ఇచ్చిన 0 నుంచి 5 దశలు వాడండి.

తర్వాత మట్టిని సన్నజల్లెడ పట్టండి. దీన్ని మానేస్తే మనిషి విషయంలో ఏం పోతుందో గుర్తుంచుకోండి: పెద్దవాళ్ల శరీరంలో 206 ఎముకలుంటే, రెండు చేతుల్లో 54, రెండు పాదాల్లో 52. సగానికి పైగా చిన్నవే. ఊడిన పళ్లు కూడా జల్లెడలోనే దొరుకుతాయి. డీఎన్ఏకు పన్ను ఎంత విలువైనదో మీకు తెలుసు. ఎముకలను కాగితం కవర్లలో పెట్టండి. ప్లాస్టిక్‌లో తడి ఆగి బూజు పడుతుంది. శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం డిటర్జెంట్, మెత్తటి బ్రష్. ఉడకబెట్టొద్దు, బ్లీచింగ్ వేయొద్దు, నీడలో ఆరబెట్టండి.

పంది నుంచి మనిషి దాకా

డిసర్టేషన్ చివర్లో "కాబట్టి తిరుపతిలో మనిషి శవం ఇన్ని రోజుల్లో ఎముకలవుతుంది" అని రాయకండి. టెనెసీలో పందులు, కుందేళ్లు, మనుషుల దేహాలను ఒకేచోట ఉంచి పోల్చిన పరిశోధన 2018లో అచ్చయింది. మూడూ ఒకే తీరుగా కుళ్లలేదు. మనుషుల్లో ఒకరికీ ఇంకొకరికీ ఉన్న తేడానే చాలా ఎక్కువ. మీ లెక్క మన వాతావరణం ఏ దిశగా లాగుతుందో చెబుతుంది. అంతవరకే రాయండి.

మనిషి ఎముకలు మీరు ల్యాబ్‌లో నేర్చుకుంటారు. కటి ఎముకలో స్త్రీపురుష తేడా, కాలర్ ఎముక లోపలి కొస అన్నిటికంటే ఆలస్యంగా, ఇరవైల చివర్లో అతుక్కోవడం, ఇవన్నీ అక్కడే చేతికి తెలియాలి. ఆ పెట్టెల్లో ఉన్న పాత ఎముకల్లో చాలావాటి వెనక పేరు లేదు, ఇష్టపడి ఇచ్చిన కాగితమూ లేదు. ఒకప్పుడు మన దేశం నుంచి మనిషి అస్థిపంజరాలు విదేశాలకు ఎగుమతి అయ్యేవి. 1985లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పేదవాళ్ల శరీరాలే ఆ వ్యాపారానికి సరుకయ్యాయి. కాబట్టి ల్యాబ్‌లో పుర్రెతో సెల్ఫీ తీసుకునేవాళ్లను నేను బయటకు పంపిస్తాను, ఆ విషయంలో మాట్లాడటానికేమీ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు దేహదానం గురించి అడిగితే మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి పంపండి. కుటుంబ సభ్యులందరికీ ముందే తెలిసి ఉండాలని మాత్రం చెప్పండి.

పనిలో ఉండగా ఎక్కడైనా మనిషి ఎముక అనిపించేది కనిపిస్తే, అక్కడే ఆగండి. ముట్టుకోవద్దు, తిప్పి చూడొద్దు. నిలబడ్డ చోటు నుంచే ఫొటో, లొకేషన్ తీసుకుని, వచ్చిన అడుగుల మీదుగానే వెనక్కి వెళ్లి 112కు ఫోన్ చేయండి. అనుమానాస్పద మరణం మీద విచారణ పోలీసుల పని, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద చేస్తారు. 2024 జూలై 1కి ముందు అది పాత సీఆర్‌పీసీ 174. అది ఎలుగు పాదం కూడా కావచ్చు. గోళ్లూ తోలూ పోయిన ఎలుగు పాదం ఎముకలు మనిషివాటిలాగే కనిపించి అనుభవం ఉన్నవాళ్లనూ తికమక పెడతాయి. చిత్తూరు జిల్లాలో జనం పాండవ గుళ్లని పిలిచే పాతకాలపు రాతి సమాధుల దగ్గరైతే అవి వేల ఏళ్లనాటివీ కావచ్చు. వైర్ కట్టిన రంధ్రాలు, వార్నిష్ మెరుపు, ఇంకుతో రాసిన అంకెలు ఉంటే ఎవరో మెడికల్ విద్యార్థి పారేసిన పాత బోన్ సెట్. ఏదైనా సరే, తేల్చేది మీరు కాదు.

స్థలం అప్పగించేటప్పుడు

మిగిలిన తోలు, మట్టి లోతైన గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి. మేకులు, జాలీ, తాడు అన్నీ తీసేసి, యజమానికి ఒకసారి చూపించి వెళ్లండి. లాగర్ గంటగంట లెక్కలు సగటులుగా మార్చకుండా అసలు ఫైలుగానే ఉంచండి. ఇద్దరు వేసిన స్కోరు కాగితాలు, ఫొటోలు, తేదీ వరుసలో ఒక కాపీ డిపార్ట్‌మెంట్‌లో, ఒక కాపీ ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగంలో ఇవ్వండి. ఫైలు పేరులో ఊరు, నెల, సంవత్సరం, బట్ట ఉందో లేదో ఉండాలి. వచ్చే ఏడాది చేసే విద్యార్థి తన మూడు పందుల లెక్కను మీ లెక్క పక్కన పెట్టి చూడాలంటే అవన్నీ కావాలి.